డిసెంబర్ 31 రాత్రికి ‘అదృష్టం ప్లేటు’: నల్లగొండ మెస్సులో ఏమేమి వండవచ్చు?

గడియారం సెంటర్ మెస్ | డిసెంబర్ 9, రాత్రి 10:40
అందరికీ నమస్కారం. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌కు దగ్గర్లో చిన్న మెస్సు నడుపుతున్నాను. వచ్చేవాళ్లలో సగం మంది హాస్టల్ పిల్లలు, మిగతావాళ్లు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు. డిసెంబర్ 31 రాత్రి ఊరంతా కేకు, బిర్యానీ. వాటిలో నేను బేకరీలతోనూ పెద్ద హోటళ్లతోనూ పోటీ పడలేను. మొన్న ఒక పిల్లవాడు ఫోనులో చూపించాడు: కొత్త సంవత్సరం కలిసి రావాలని ఒక్కో దేశం వాళ్లు ఒక్కో పదార్థం తింటారట. స్పెయిన్‌లో ద్రాక్షపళ్లు, ఇటలీలో పప్పు, ఇలా. వాటిలో నాలుగైదు మన సరుకుతో వండి పెడదామని ఆలోచన. షరతులు మూడు: ప్లేటు 120 రూపాయలు దాటకూడదు, ఓవెన్ లేదు, పంది మాంసం వండను. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు పంతులు | డిసెంబర్ 9, రాత్రి 11:05
బాబూ, చలిలో అర్ధరాత్రి మేలుకుని చేసుకునేది మనకు పండుగ ఎప్పుడయింది? మన సంవత్సరాది 2026 మార్చి 19న. పరాభవ నామ సంవత్సరం. అప్పుడు పెట్టండి ప్లేటు, నేనే మహబూబ్‌నగర్ నుంచి బస్సెక్కి వస్తాను.

మూసీ గట్టు | డిసెంబర్ 9, రాత్రి 11:12
పంతులు గారూ, ‘పరాభవ’ అని బోర్డు రాసి దాని కింద ‘అదృష్టం ప్లేటు’ అంటే ఒక్కడైనా లోపలికి వస్తాడా?

నిర్వాహకులు | డిసెంబర్ 10, ఉదయం 7:30
ఏది అసలైన కొత్త సంవత్సరం అన్న చర్చ ఈ వేదికలో ఏటా జనవరి మొదటి వారం దాకా నడుస్తుంది. దాన్ని అక్కడే ఉంచుదాం. ఇక్కడ వంట సంగతి మాత్రమే.

డల్లాస్‌లో దేవరకొండ | డిసెంబర్ 10, ఉదయం 8:15
అన్నా, నీ షరతులకు సరిగ్గా సరిపోయేది ఇక్కడ ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో జనవరి 1న తప్పకుండా తినే భోజనం: బొబ్బర్లతో కలిపి వండిన అన్నం, పక్కన ఉడికించిన ఆకుకూర, మక్కజొన్న పిండి రొట్టె. ఆ అన్నం పేరు హాపిన్ జాన్. బొబ్బర్లు చిల్లర నాణేలు, ఆకుకూర డాలరు నోట్లు, రొట్టె బంగారం అని లెక్క చెబుతారు. తెల్లవారి మిగిలినది తింటే ఇంకా మంచిదట. ఆ సద్దికి స్కిప్పిన్ జెన్నీ అని వేరే పేరు కూడా పెట్టుకున్నారు.

డిసెంబర్ చివరి వారంలో ఇక్కడి దుకాణాల్లో బొబ్బర్ల సంచులు ద్వారం దగ్గరే గుట్టగా పోస్తారు. ఈ బొబ్బర్లు వాళ్లవి కావు. పశ్చిమ ఆఫ్రికా పంట. బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు ఓడల్లో వచ్చింది. కరోలినా వరిపొలాల్లో చాకిరీ చేసిన వాళ్ల వంట ఇది. 1847లో అచ్చయిన ఒక కరోలినా వంటల పుస్తకంలోనే చేసే పద్ధతి ఉంది. 1863 జనవరి 1న లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చింది. ముందు రోజు రాత్రి నల్లజాతివాళ్లు చర్చిల్లో మేలుకుని కూర్చున్నారు; ఇప్పటికీ ఆ జాగరణ ఉంది. అందుకే మా పక్కింటి పెద్దావిడ ఈ భోజనం గురించి చెప్పేటప్పుడు డబ్బు మాట ఎత్తదు.

అసలు వంటలో ఉప్పు పట్టించిన పంది మాంసం వేస్తారు. అది లేకుండా ఉల్లిగడ్డ, వెల్లుల్లి, మిరియాలతో చేసుకునే ఇళ్లూ చాలా ఉన్నాయి.

జొన్నరొట్టె (వనపర్తి) | డిసెంబర్ 10, ఉదయం 9:02
తమ్ముడూ, నువ్వు చెప్పింది చదివి నవ్వు ఆగలేదు. బొబ్బర్లు, ఆకుకూర, రొట్టె. మా అత్తగారి వంటింట్లో ఇది మామూలు మంగళవారం భోజనం. దీనితో అదృష్టం పట్టేదుంటే మా పాలమూరు జిల్లా వాళ్లు ముంబైకి, పుణెకు మట్టి మోయడానికి ఎందుకు వలస పోయేవారు?

పాలమూరు పంతులు | డిసెంబర్ 10, ఉదయం 9:40
అమ్మా, నవ్వులాటకే అన్నా మంచి సంగతి పట్టుకున్నావు. బొబ్బర్లే కాదు, నీ పేరులో ఉన్న జొన్న కూడా ఆఫ్రికాదే, సూడాన్ ప్రాంతంలో మొదట సాగైంది. సజ్జ పశ్చిమ ఆఫ్రికాది, రాగి ఇథియోపియా వైపు కొండలది. ఇవి వేల ఏళ్ల కిందటే మన దక్కను చేరాయి. వాన తక్కువైనా, నేల పలచనైనా పండుతాయి కనుక మన చెలకల్లో కుదురుకున్నాయి. అదే ఖండం నుంచి అవే గింజలు ఇంకో దారిలో, సంకెళ్లతో అమెరికా చేరాయి. కాబట్టి ఈ రెండు పళ్లాలూ ఒకేలా ఉండటం యాదృచ్ఛికం కాదు. రెండు చోట్లా మంచి నేల దక్కనివాళ్ల తిండే అది.

యూదులలో కూడా కొన్ని శాఖలవాళ్లు వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానాకు బొబ్బర్లు తింటారు. తేనెలో ముంచిన ఆపిల్ ముక్కలు అందరికీ తెలిసినవే, బొబ్బర్ల సంగతి తక్కువమందికి తెలుసు. ఆ పండుగ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వస్తుంది.

(డిసెంబర్ 31 మీద నా అభిప్రాయం మారలేదు.)

గడియారం సెంటర్ మెస్ | డిసెంబర్ 10, మధ్యాహ్నం 3:20
బొబ్బర్ల అన్నం ఖాయం చేసుకున్నాను. ద్రాక్షపళ్ల సంగతి ఎవరికైనా తెలుసా? క్లాక్ టవర్ పక్కన ఉండి గంటలు కొట్టే ఆట వదులుకోవడం ఎలా!

మూసీ గట్టు | డిసెంబర్ 10, సాయంత్రం 6:45
మాడ్రిడ్‌లో పుయెర్తా దెల్ సోల్ అనే కూడలి ఉంది. అక్కడి గడియారం అర్ధరాత్రి పన్నెండు కొడుతుంటే గంటకొక ద్రాక్షపండు చొప్పున పన్నెండూ తినాలి, నెలకొకటి. దెబ్బకూ దెబ్బకూ మధ్య మూడు సెకన్లే. అసలు గంటలకు ముందు జంట దెబ్బలు నాలుగుసార్లు కొడుతుంది. తెలియనివాళ్లు అప్పుడే నోట్లో వేసుకుని నవ్వులపాలవుతారు. 1909లో స్పెయిన్‌లోనే అలికాంతే ప్రాంతం వైపు పంట విరగకాసి, రైతులు సరుకు వదిలించుకోవడానికి ఈ ఆచారం ప్రచారం చేశారని అంటారు. కానీ అంతకు ముందే, 1890లలోనే మాడ్రిడ్ పత్రికల్లో దీని ప్రస్తావన ఉంది. రైతులు పుట్టించలేదు, ఉన్నదాన్ని అందుకున్నారు. తెలివైనవాళ్లు.

అక్కడి వినలోపో లోయలో గుత్తులు తీగ మీద ఉండగానే కాగితపు సంచి తొడుగుతారు. అలా ఎండ, వాన, పురుగు తగలకుండా చలికాలం దాకా నిలబెడతారు. మన కొల్లాపూర్‌లో కొందరు మామిడికాయకు కవరు తొడుగుతున్నారే, అలాగే.

బత్తాయి తోట | డిసెంబర్ 10, రాత్రి 8:10
అన్నా, డిసెంబర్ చివర మన దగ్గర ద్రాక్ష ఎక్కడుంది? మనకు మంచి కాయ వచ్చేది సంక్రాంతి దాటాకే. ఇప్పుడు దొరికేది బయటినుంచి వచ్చే సరుకు. ధర ఎక్కువ, పులుపు ఎక్కువ. పన్నెండు తిన్నవాడికి పళ్లు పులిసిపోయి ఒకటో తారీఖు టిఫిన్‌కు కూడా రాడు.

నల్లగొండలో ఉండి బత్తాయి మరిచిపోతారా? గుండ్రంగా ఉంటుంది, పచ్చగా మెరుస్తుంది. ఫిలిప్పీన్స్‌లో కొత్త సంవత్సరానికి బల్ల మీద పన్నెండు రకాల గుండ్రటి పళ్లు పెడతారు, కొందరు పదమూడు. గుండ్రంగా ఉన్నది ఏదైనా నాణెం కిందే లెక్క. చైనాలో కమలాపళ్లు, నారింజలు బంగారం కింద లెక్క, పండుగకు ఎవరింటికైనా వెళ్లేటప్పుడు జతగా తీసుకెళ్తారు. ఒక కాయ ఒలిచి గంటకొక తొన తినమనండి. తోటలో కాయ తీసుకోవడానికి వచ్చే వ్యాపారి టన్నుకు ఇంత తరుగు అని కోస్తున్నాడు, కనీసం మీరైనా పూర్తి ధర ఇచ్చి కొనండి.

మూసీ గట్టు | డిసెంబర్ 10, రాత్రి 8:31
ఇప్పుడే ఒక బత్తాయి ఒలిచి చూశాను. పది తొనలే. నవంబర్, డిసెంబర్ నెలలకు నా గతి ఏమిటి?

బత్తాయి తోట | డిసెంబర్ 10, రాత్రి 8:33
సరిగ్గా పన్నెండు తొనల కాయ దొరికినవాడిదే అదృష్టం. ఆట ఇంకా బాగుంటుంది.

తిప్పర్తి అక్క | డిసెంబర్ 10, రాత్రి 9:00
పిల్లల తల్లిగా ఒక మాట. ద్రాక్ష పెట్టినా, బత్తాయి పెట్టినా చిన్నపిల్లలతో గంటల ఆట ఆడించకండి. గుండ్రటి ద్రాక్ష గొంతుకు అడ్డం పడితే ఊపిరి ఆడదు. అయిదేళ్లలోపు పిల్లలకు నిలువుగా నాలుగు చీలికలు చేసే పెట్టాలి. బత్తాయి తొనల్లో గింజలు కూడా తీసేయాలి.

మిర్యాలగూడ మిల్లు | డిసెంబర్ 11, ఉదయం 6:50
అక్క చెప్పినది నిజం. జపాన్‌లో కొత్త సంవత్సరానికి తినే మోచి అనే బియ్యపు ముద్ద ఉంది. జిగురు బియ్యం ఉడికించి రోట్లో దంచి చేస్తారు. ఏటా జనవరి మొదటి రోజుల్లో అది గొంతుకు అడ్డుపడి ముసలివాళ్లు చనిపోతుంటారు. చిన్న ముక్కలు చేసుకుని నమిలి తినండని టోక్యో అగ్నిమాపక శాఖ ఏటేటా హెచ్చరిస్తుంది. అయినా మానరు. డిసెంబర్ 31 రాత్రి మాత్రం వాళ్లు తినేది సోబా, అంటే బక్వీట్ అనే గింజల పిండితో చేసిన నూడుల్స్. పొడవుగా ఉంటాయి కనుక ఆయుష్షు, ఇట్టే తెగిపోతాయి కనుక పాత ఏడాది పీడ తెగుతుందని నమ్మకం. ఒకే పోగుతో రెండు కోరికలు.

మన ఊరు బియ్యం ఊరు కనుక బియ్యం వైపు వాదిస్తాను. కొరియా వాళ్లు కొత్త సంవత్సరం ఉదయం బియ్యప్పిండి ముద్దను పొడవుగా చేసి, బిళ్లలుగా కోసి పులుసులో వేసుకుని తింటారు. పేరు తొక్‌గుక్. అది ఒక గిన్నె తాగితేనే ఒక ఏడు వయసు పెరిగినట్టు. పాత లెక్కలో అందరికీ జనవరి 1నే ఏడాది పెరిగేది; 2023 జూన్‌లో చట్టం మార్చి పుట్టినరోజు లెక్కకు తెచ్చారు. గిన్నె మాత్రం మానలేదు. శ్రీలంకలో కొబ్బరిపాలతో అన్నం వండి పళ్లెంలో చదును చేసి వజ్రం ఆకారంలో కోస్తారు, కిరిబత్. పక్కన ఉల్లి, ఎండుమిర్చి కారం. ఏప్రిల్‌లో వచ్చే వాళ్ల సంవత్సరాదికీ చేస్తారు, జనవరి 1కీ చేస్తారు. దానికి ఓవెన్ అక్కర్లేదు, ఖర్చు తక్కువ. చెప్పండి, కొత్త బియ్యం నేను పంపిస్తాను.

జొన్నరొట్టె (వనపర్తి) | డిసెంబర్ 11, ఉదయం 10:15
కిరిబత్‌కు కొత్త బియ్యమే సరైనవి, ముద్దగా అంటుకుంటాయి. బొబ్బర్ల అన్నానికి మాత్రం పాతవి వాడండి, లేదంటే రెండూ ముద్దే అవుతాయి.

బొబ్బర్లు ఉదయమే నానబెట్టండి. నల్లగొండ బోరు నీళ్లు వద్దు, ఆ ఉప్పదనానికి పప్పు గంటలు ఉడికినా గట్టిగానే ఉంటుంది. కృష్ణా నల్లా నీళ్లు పట్టుకోండి. గింజ నలిపితే మెత్తగా ఉండాలి కానీ చిట్లకూడదు. ఆ ఉడికించిన నీళ్లు పారబోయకుండా అందులోనే బియ్యం వేస్తే రంగు, రుచి అన్నానికి పడతాయి. ఉల్లిగడ్డ కొంచెం ఎర్రగా వేయించండి. మసాలాలు గుప్పించకండి, పులావు అయిపోతుంది. ఆకుకూర తోటకూర చాలు. మక్క రొట్టె పెనం మీద విరిగిపోతుంది. గోరువెచ్చని నీళ్లతో పిండి కలిపి తడిబట్ట మీద తట్టండి. చేతకాకపోతే జొన్నరొట్టె. ఎవరూ కేసు పెట్టరు.

షార్జాలో కల్వకుర్తి | డిసెంబర్ 11, మధ్యాహ్నం 1:30
ఇక్కడ మా పక్క గదిలో ఇరాన్ ఆయన ఉంటాడు. వాళ్లకు కొత్త సంవత్సరం నౌరూజ్, పగలూ రాత్రీ సమానమయ్యే ఘడియలో మొదలవుతుంది. 2026లో మార్చి 20న. మన ఉగాదికి మర్నాడే! బల్ల మీద వాళ్ల భాషలో ‘స’తో మొదలయ్యే ఏడు వస్తువులు పెడతారు: మొలకెత్తిన గోధుమ నారు, గోధుమ మొలకల రసం కాచి చేసిన తీపి హల్వా, సెంజెద్ అనే ఎండుపండు, వెల్లుల్లి, ఆపిల్, సుమాక్ అనే పుల్లటి పొడి, వెనిగర్. రాత్రి భోజనానికి ఆకుకూరల అన్నం, చేప. పదమూడో రోజు ఊరి బయటికి వెళ్లి ఆ నారు పారే నీళ్లలో వదిలేస్తారు. మన బతుకమ్మ నీళ్లలో కదిలిపోయినట్టే అనిపించింది నాకు.

అందులో పులుపు, ఘాటు, తీపి అన్నీ ఉన్నాయి గమనించారా? ఉగాది పచ్చడి కూడా ఆ ప్లేటులో పెట్టండి అన్నా. మనది లేకుండా ప్రపంచ ప్లేటు ఏమిటి!

జొన్నరొట్టె (వనపర్తి) | డిసెంబర్ 11, మధ్యాహ్నం 2:10
వద్దు. ఒప్పుకోను. డిసెంబర్‌లో వేపపువ్వు ఎక్కడుంది, మామిడికాయ ఎక్కడుంది? కొత్త చింతపండు ఇంకా చెట్టు మీదే ఉంది. ఎండబెట్టిన వేపపువ్వు చారుకు పనికివస్తుంది. చేదు ఉంటుంది, వాసన ఉండదు.

మా ఇంట్లో ఉగాదికి ముందు రోజే కొత్త కుండ తెచ్చి రాత్రంతా నీళ్లు పోసి ఉంచుతాము, మట్టి వాసన తగ్గేదాకా. తెల్లవారి పసుపు, కుంకుమ పెట్టి మెడకు మామిడాకులు కడతాము. వేపకొమ్మ విరిచి తెచ్చాక పువ్వును చేటలో వేసి రెండు అరచేతుల మధ్య మెల్లగా నలపాలి. ఈనెలు, ఆకుపచ్చ కాడలు విడిపోతాయి. ఒక్కసారి చెరిగితే తెల్లటి రేకులు ముందుకు వస్తాయి. కాడ ఒక్కటి పడినా కుండంతా విషం. చింతపండు పులుసు, బెల్లం, సన్నగా తరిగిన మామిడి, కొబ్బరి, పుట్నాల పొడి, కొంచెం సోంపు, గసగసాలు. గట్టిగా చేయము. గ్లాసుల్లో పోసుకుని తాగుతాము, వచ్చినవాళ్లందరికీ పోస్తాము. తరువాత బక్షాలు (బొబ్బట్లు), శెనగపప్పు కట్టుతో చారు.

2021లో తెగులు వచ్చి మా వీధిలో వేపచెట్లన్నీ ఎండిపోయినట్టయినప్పుడు తరువాతి ఉగాదికి పిడికెడు పువ్వు కోసం ఎంత తిరిగామో! ఆ ఋతువులో దొరికేదాన్నే వెతుక్కుని తెచ్చుకునే పని అది. మెస్సు ప్లేటులో ఒక చెంచాడు పెడితే అది పచ్చడి కాదు, అలంకారం.

మక్తల్ సరిహద్దు | డిసెంబర్ 11, మధ్యాహ్నం 2:48
కర్ణాటకలో ఉన్న మా చుట్టాల ఇళ్లలో వేపపువ్వు, బెల్లం చాలు, బేవు బెల్ల. మహారాష్ట్ర వాళ్లు లేత వేపాకు బెల్లంతో నూరి ముద్ద చేస్తారు. కుండ, గ్లాసు మనదే.

పాలమూరు పంతులు | డిసెంబర్ 11, సాయంత్రం 5:20
వనపర్తి అమ్మాయి చెప్పిన దానితోనే నా వాదన మొదలవుతుంది. నాణెంలా ఉంది, బంగారంలా ఉంది అన్నవన్నీ తరువాత కట్టిన కథలు అని నా అనుమానం. చలికాలంలో సంవత్సరం మారే దేశాల్లో ఆ రోజు ఇంట్లో ఏముంటుంది? ఎండు గింజలు, ఉప్పు చేప, ఉప్పు మాంసం. ఇటలీవాళ్లు మసూర్ పప్పు ఉడికించి పంది మాంసంతో తింటారు. పోలండ్‌లో ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేప. గాదెలో మిగిలినదాన్నే పండుగ చేసుకున్నారు. వసంతంలో సంవత్సరం మారే మనకు, ఇరాన్‌కు పువ్వు, నారు, పచ్చికాయ. ముందు తిండి, తరువాతే దానికి అదృష్టం పేరు.

మూసీ గట్టు | డిసెంబర్ 11, సాయంత్రం 6:05
పంతులు గారూ, సగం ఒప్పుకుంటాను. స్పెయిన్ ద్రాక్ష మీ లెక్కలో ఇమడదు: అది గాదెలో మిగిలింది కాదు, సంచి తొడిగి మరీ చలికాలం దాకా నిలబెట్టింది. ఇప్పుడు తొక్క, గింజ తీసిన పన్నెండు పళ్లను చిన్న డబ్బాలో పెట్టి కూడా అమ్ముతున్నారు. చైనాలో పండుగ రాత్రి చేపను మొత్తం తినకుండా కొంత మిగల్చాలి, ‘మిగులు’ ఉండాలని. ఆకలి నుంచి పుట్టింది కాదు అది, ఆశ నుంచి పుట్టింది.

ఇంకో చిక్కు చెబుతాను. ఐరోపాలో, అమెరికాలో కొందరు జనవరి 1న కోడి తినరు. కోడి కాళ్లతో వెనక్కి గీరుతుంది కనుక బతుకు వెనక్కి పోతుందట. పంది ముట్టెతో ముందుకు తవ్వుతుంది కనుక మంచిదట. 31 రాత్రి నల్లగొండలో కోడి తినని ఇల్లు చూపించండి, చూద్దాం.

గడియారం సెంటర్ మెస్ | డిసెంబర్ 11, సాయంత్రం 6:20
ఇప్పుడు అర్థమైంది నా వ్యాపారం ఎందుకు వెనక్కి పోతోందో.

గ్రీసు వాళ్లు కేకులో నాణెం దాచి పెడతారని చదివాను. పోలెలో, అదే బక్షంలో, రూపాయి బిళ్ల పెడితే ఎలా ఉంటుంది?

తిప్పర్తి అక్క | డిసెంబర్ 11, సాయంత్రం 6:26
పన్ను విరిగితే ఆ అదృష్టం పళ్ల డాక్టరుకు.

డల్లాస్‌లో దేవరకొండ | డిసెంబర్ 11, రాత్రి 7:40
గ్రీసులో అది జనవరి 1, సెయింట్ బాసిల్ పండుగ కేకు. కోసేటప్పుడు మొదటి ముక్క దేవుడికి, ఒకటి ఇంటికి, తరువాత వయసు ప్రకారం ఇంట్లోవాళ్లకు. అక్క మాటే సరి, నాణెం వద్దు. డెన్మార్క్ వాళ్లు క్రిస్మస్ ముందు రాత్రి చల్లటి అన్నం పాయసంలో తొక్క తీసిన ఒక్క బాదంగింజ దాస్తారు. దొరికినవాడికి బహుమతి. అందరికీ వడ్డించాక ‘ఒక గిన్నెలో ఉంది’ అని చెప్పండి, బాదం కనుక నమిలేసినా నష్టం లేదు.

నల్లమల అంచు (అచ్చంపేట) | డిసెంబర్ 11, రాత్రి 8:15
ఇంత చర్చలో ఆ రోజు మన చేలో ఏముందో ఎవరూ అడగలేదు. డిసెంబర్ చివర పచ్చి అనపకాయ, పచ్చి కందికాయ. ఉప్పు వేసి ఉడికించి వేడివేడిగా దోసిట్లో పోసి ఇవ్వండి. పంతులు గారి సిద్ధాంతం కూడా నెగ్గుతుంది.

పాలమూరు పంతులు | డిసెంబర్ 11, రాత్రి 8:40
దానికోసమైతే డిసెంబర్ 31కి కూడా వస్తాను.

గడియారం సెంటర్ మెస్ | డిసెంబర్ 12, ఉదయం 6:15
రాత్రి కూర్చుని లెక్క వేశాను. బొబ్బర్ల అన్నం, తోటకూర, జొన్నరొట్టె (మక్క రొట్టె ఒకసారి తట్టి చూశాను, వనపర్తి అక్క అన్నట్టే విరిగింది), కిరిబత్ ఒక ముక్క ఉల్లికారంతో, ఉడికించిన అనపకాయలు, చివర్లో బత్తాయి. పాయసం ఒక గిన్నెలో బాదం. దొరికినవాళ్లకు జనవరి నెలంతా మధ్యాహ్నం మజ్జిగ ఉచితం. మసూర్ పప్పు తీసేశాను, గింజలు ఎక్కువైపోతున్నాయి. ద్రాక్ష లేదు. ఉగాది పచ్చడి లేదు, వనపర్తి అక్కకు భయపడి. కోడి కూర అడిగినవాళ్లకు విడిగా, బోర్డు మీద రాయను.

మిల్లు అన్నా, కిరిబత్‌కు పది కిలోలు కొత్త బియ్యం పంపించండి. బత్తాయి తోట వాళ్లు నంబరు సందేశంలో ఇవ్వండి, తరుగు కోయను.

మూసీ గట్టు | డిసెంబర్ 12, ఉదయం 7:00
పార్సిల్ ఉందా?

గడియారం సెంటర్ మెస్ | డిసెంబర్ 12, ఉదయం 7:04
ఉంది. డబ్బా మీరే తెచ్చుకోవాలి. పాయసం మాత్రం ఇక్కడే తినాలి, బాదం ఎవరికి వచ్చిందో నాకు తెలియాలి కదా.